దండగ గోరు

కెన్నెల్ ఇల్లు,
వానలు మొదలైన వారం

అన్నయ్యకి,

ఫోన్లో మనం మాట్లాడుకుంటే పోట్లాటే. చివరికి ఎవరో ఒకరం ఠపీమని పెట్టేస్తాం. అందుకే ఉత్తరం రాస్తున్నాను. ఉత్తరాన్ని మధ్యలో విసిరికొట్టినా, కోపం తగ్గాక మళ్ళీ తీసి చదువుతావని నాకు తెలుసు.

ముందు మంచి మాట చెబుతాను. నాకు నాలుగో నెల. నువ్వు మేనమామవి కాబోతున్నావు. గంతులేయకు, కింద నీ ఆసుపత్రిలో పిల్లులు జడుసుకుంటాయి.

ఇంకో పురుడు కూడా అయింది ఇక్కడ. మా పెద్ద ఆడకుక్క ఈనింది. అత్తగారికి చూపు మందగించింది కదా, ఈసారి పిల్లల్ని పట్టుకునే పని నా మీద పడింది. పట్టుకోవడం అంటే నీకు తెలుసు, పేపర్లో నువ్వు ‘క్రూరత్వం’ అని పెద్ద పెద్ద మాటలు రాశావే, ఆ పనికే. ఈయన వంటింటి బల్ల మీద మందునీళ్ళ గిన్నె, చిన్న కత్తెర, రబ్బరు ఉంగరాలు పెట్టుకుంటారు. నేను పిల్లని తువ్వాలులో చుట్టి వెనకవైపు ఈయనకి అందిస్తాను. తోక మొదట్లో ఉంగరం బిగిస్తే, కొన్నాళ్ళకి తోక ఎండి తనే రాలిపోతుంది. ముంగాళ్ళకి లోపలి పక్కన నేలకి ఆనకుండా ఒక గోరు ఉంటుంది చూడు, దాన్ని కత్తెరతో తీసేస్తారు. ఇక్కడ దాని పేరు దండగ గోరు.

మొదటి పిల్లప్పుడు కళ్ళు మూసుకున్నాను. తర్వాత తర్వాత మూసుకోలేదు. కుయ్యిమంటాయి, తల్లి దగ్గర పెట్టగానే పాలు తాగుతాయి. అంత నొప్పే ఉంటే పాలెలా తాగుతాయి? చెప్పు డాక్టరూ.

పెళ్ళిలో ఈయన నీ ఎడమ చేతి ఆరో వేలు పట్టుకుని, ‘బావగారికీ దండగ గోరు ఉందే! పుట్టిన వారంలో నా దగ్గరికి తెచ్చుంటే చిటికెలో పని అయిపోయేది’ అన్నారని నీకు ఇంకా కోపమా? ఆయన నోరే అంత, మనసు మంచిది. అందుకని ఈ కోతలు నేరమని చట్టం తెమ్మని అర్జీలు పెట్టి, కుక్కపిల్లల్ని అమ్ముకునే చెల్లెలి ఇంటి పొయ్యి ఆర్పుతావా? పొట్టి తోక లేకపోతే కుక్కల అందాల పోటీలవాళ్ళు మావాటిని గుమ్మం తొక్కనివ్వరు.

ఒక పిల్ల మరీ బక్కగా ఉందని దాన్ని ఇంకా ముట్టుకోలేదు. కాస్త పుంజుకున్నాక చేద్దాం అంటున్నారు. నీ సలహా అడుగుతున్నానని కాదు, ఊరికే చెబుతున్నాను.

నీ పిచ్చుక


ఆసుపత్రి పై గది,
వాన పడుతూనే ఉంది

పిచ్చుకా,

గంతులేశాను. పిల్లులు జడుసుకోలేదు గానీ కాంపౌండరు పైకి వచ్చి ఏం కూలిందని అడిగాడు. వాడికి కూడా చెప్పేశాను. రోడ్డు మీద ఎవరైనా దొరికితే వాళ్ళకీ చెప్పేలా ఉన్నాను.

ఇక పోట్లాట. పాలు తాగింది కాబట్టి నొప్పి లేదంటావా? నొప్పి పెట్టిన పిల్ల తల్లి దగ్గరికి కాక ఇంకెక్కడికి పోతుంది? ఆ వయసులో నరాలన్నీ ఉంటాయి. ఉన్న నొప్పిని చెప్పుకునే దారే ఉండదు.

నేను గుడ్డిగా వాదించడం లేదు. కొన్ని కుక్కలకి వెనక కాళ్ళ మీద చర్మానికి వేలాడుతూ ఒక గోరు ఉంటుంది, లోపల ఎముక ఉండదు. అది కంపకి తగులుకుని చీరుకుపోతే మత్తిచ్చి నేనే తీసేస్తాను. ముళ్ళపొదల్లో దూరే వేటకుక్కల తోకలు చితికి, నెలల తరబడి మానక నా బల్ల మీదకి వచ్చాయి. వాటి విషయంలో ఎవరైనా వాదిస్తే వింటాను. మీ కుక్కలు పొదల్లో దూరేదెప్పుడు? గేటు దగ్గర కూర్చుంటాయి, లేదా పోటీలో నిలబడతాయి. ముంగాలి గోరు దండగ కాదు. దానికి ఎముక ఉంది, కండరం ఉంది. వేగంగా మలుపు తిరిగేటప్పుడు కుక్క దాన్ని నేలలో గుచ్చి నిలదొక్కుకుంటుంది. కొరికే వస్తువుని దాంతోనే పట్టుకుంటుంది. తోక సంగతి చెప్పక్కర్లేదు, దానికున్న నోరే అది.

ఆ బక్కపిల్లని వదిలెయ్యి. నా కోసం ఒక్కదాన్ని వదిలెయ్యి.

ఇంకో మాట. ఇది హాస్యం కాదు. నానమ్మకి ఆరో వేలు ఉంది, నాకు ఉంది. నిన్ను దాటిపోయింది గానీ నీ బిడ్డకి రావచ్చు. ఇది కుటుంబాల్లో వస్తుందని ఇక్కడ పిల్లల డాక్టరు కూడా అన్నాడు. వస్తే ఎవరినీ ముట్టుకోనివ్వకు. ముఖ్యంగా బావగారిని. ఆయన ఆ రోజు నా వేలిని అటూ ఇటూ ఆడించి చూశారు. నవ్వుతూనే చూశారు, కానీ కొలత తీసుకున్నట్టు చూశారు.

నీ అన్నయ్య


కెన్నెల్ ఇల్లు,
వానలు వెనకపట్టాయి

అన్నయ్యకి,

నీ మాట నెగ్గింది. బక్కపిల్లని వదిలేశాం. ఈయన మొదట గునిసినా, ‘మీ అన్నయ్య కోటా అనుకుందాంలే’ అన్నారు. చూశావా, నువ్వు అనుకున్నంత రాక్షసుడేం కాదు.

దాని పేరు తోకరాజు. అది నడుస్తుంటే ముందు కుక్క వస్తోందో తోక వస్తోందో తెలియదు. నన్ను చూస్తే నడుం దగ్గర్నుంచి ఊగిపోతుంది. పీట మీద పెట్టిన గ్లాసులన్నీ ఒక్క ఊపుతో కింద పడేసింది. అత్తగారు తిట్టబోయి నవ్వేశారు. మిగతా పిల్లలు కూడా నన్ను చూస్తే సంతోషిస్తాయి, నాకు తెలుసు. కానీ ఆ మొండి మొదలు కదిలితే ఏమంటోందో దగ్గరికి వంగి చూస్తే గానీ తెలియదు. దీనికి ఆ బాధ లేదు, వీధి చివరి నుంచే చెప్పేస్తుంది. నువ్వు రాసిన మాట నిజమే. నాతో ఈ మాట అనిపించుకున్నావని ఎవరికీ చెప్పకు.

కొనడానికి వచ్చినవాళ్ళు దాన్ని చూసి, ఏంటిది, పని మధ్యలో ఆపేశారా అని నవ్వారు. ఎవరూ తీసుకోలేదు. నాకూ ఇవ్వాలని లేదు. పగలంతా నా కాళ్ళ దగ్గరే పడుకుంటుంది. కడుపులో వాడు తన్నినప్పుడు చెవులు నిక్కబొడుచుకుని నా వైపు చూస్తుంది.

వేలి సంగతి రాశావు. వస్తే వస్తుంది, వచ్చినప్పుడు చూద్దాం. ఇప్పట్నుంచే ఈయన మీద కన్నెర్ర చెయ్యకు. ఈయనకి ఆ ఊహే లేదు. ఉయ్యాల చేయించాలని వడ్రంగి చుట్టూ తిరుగుతున్నారు, అంతే.

నీ పిచ్చుక


కెన్నెల్ ఇల్లు

అన్నయ్యకి,

నువ్వు జవాబు రాయకముందే మళ్ళీ రాస్తున్నాను.

గాలికి ఇనప గేటు కొట్టుకుని తోకరాజు తోక అందులో పడింది. నేను గేటు తీసేసరికే చివర నుజ్జయిపోయింది. అది నొప్పి పట్టలేక తనే కొరుక్కుంది. పట్నం డాక్టరు కొంత కోసి కుట్టాడు. కుట్లు పీక్కుంది. మళ్ళీ కోశాడు. చీము పట్టి పైకి పాకుతోందని మూడోసారి మొదలంటా తీసేశాడు. ప్రతిసారీ తల నేనే పట్టుకున్నాను. మత్తు పూర్తిగా ఎక్కకముందే మొదలుపెట్టాడో, త్వరగా దిగిపోయిందో తెలియదు, ఒకసారి కళ్ళు తెరిచి నన్ను చూసింది. నా చెయ్యి దాని నోట్లోనే ఉంది. కరవలేదు. కరిచి ఉంటే బాగుండేది.

పుట్టిన వారంలో ఉంగరం వేసి ఉంటే ఒక్క కుయ్యితో పోయేది. దాని తోబుట్టువులన్నీ పెరట్లో పరిగెత్తుతున్నాయి. ఇది గోడవైపు తిరిగి కూర్చుని, లేని తోకని నాక్కుంటోంది.

నీ మాట విన్నందుకు జరిగింది ఇది. నిన్ను తిట్టాలని లేదు. కానీ నీ జాలి నీకు చవక. నువ్వు అక్కడ కూర్చుని జాలిపడ్డావు, అది ఇక్కడ మూడుసార్లు కోయించుకుంది.


ఆసుపత్రి పై గది,
ఎండ కాస్తోంది

పిచ్చుకా,

నీ ఉత్తరం చదివాక ఆ పూట రోగుల్ని చూడలేదు. అది నిన్ను కరవలేదని రాసిన చోట ఆగిపోయాను.

నన్ను ఎంత తిట్టినా పడతాను. కానీ ఒక్క మాట చెప్పనివ్వు. దాన్ని నలిపింది గేటు. ఆ గేటుకి గడియ సరిగ్గా పడదని నువ్వే ఎప్పుడో అన్నావు. గడియ బాగు చేయించాల్సింది పోయి తోక ఉండటమే తప్పంటావా? రేపు అదే గేటులో కాలు పడితే కాలు దండగంటారా? నేను చూసిన కుక్కల్లో తోక నలిగినవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. వాటి కోసం పుట్టిన ప్రతి పిల్లనీ కోయడం న్యాయం కాదు. ఇది నీ కన్నీళ్ళ మీద ఉపన్యాసంలా వినిపిస్తుందని తెలుసు. నాకు ఇలా తప్ప మాట్లాడటం రాదు, నీకూ తెలుసు.

చట్టం ముసాయిదా మీద విచారణ పెట్టారు. పశువైద్యుల తరఫున నన్ను మాట్లాడమన్నారు. ఒప్పుకున్నాను. నీకు వేరేవాళ్ళ ద్వారా తెలియకూడదని నేనే రాస్తున్నాను. బావగారు మండిపడతారు, పడనివ్వు.

ఒంట్లో ఎలా ఉంది? ఈసారి దాని గురించి ఒక్క ముక్క కూడా రాయలేదు. తోకరాజుని నా దగ్గరికి పంపించు, నేను చూసుకుంటాను. నువ్వు కూడా దాంతో పాటే వచ్చెయ్యి. పురుడు ఇక్కడ పోసుకుందువు గాని.

నీ అన్నయ్య


కెన్నెల్ ఇల్లు,
చలి మొదలైంది

అన్నయ్యకి,

ఒంట్లో బాగానే ఉంది. తోకరాజు ఎక్కడికీ రాదు. కొత్తవాళ్ళు వస్తే మంచం కిందకి దూరుతుంది. నేనూ రాను, ఇక్కడ పని ఉంది.

రెండో కుక్క ఈనింది. చట్టం వస్తే జైల్లో వేస్తారని ఈయనకి భయం పట్టుకుంది. నీ పేరు పేపర్లో చూసినప్పటి నుంచి కత్తెర పట్టుకుంటే చేతులు వణుకుతున్నాయి. ఈసారికి వదిలేద్దాం, తోకలున్న వాటినే అమ్ముకుందాం, కాలం మారింది అంటారు. మగవాళ్ళ ధైర్యం ఇంతే. పిల్లల గదిలోకి రావడమే మానేశారు.

అందుకని నేనే చేశాను. ఎవరూ చెప్పలేదు. నా చేతులు చిన్నవి, పని నీటుగా వస్తుంది. అన్నిటికీ చేశాను. తోకలూ, గోళ్ళూ. ఏదీ ఎక్కువసేపు అరవలేదు. అయ్యాక చేతులు కడుక్కుని అన్నం తిన్నాను.

గేటు బాగు చేయించమన్నావు. చేయించాం. తర్వాత తలుపులు చూశాను, తర్వాత కుర్చీ కాళ్ళు, బావి చప్టా, గోడ మీద మేకులు. ఎన్నని బాగు చేయిస్తాం? ఇప్పుడు నాకు ఏది చూసినా ముందు అది ఎక్కడ తగులుకుంటుందో కనిపిస్తోంది. ఉయ్యాల వచ్చింది. దాని ఊచలన్నిటికీ గుడ్డ చుట్టాను. ఈయన చూసి, ఇంత గుడ్డ చుడితే బిడ్డకి గాలెలా ఆడుతుంది అన్నారు. ఊచల మధ్య వేలు పడితే అని నేను అన్నాను.

ఈ మధ్య ఆయన నన్ను అదోలా చూస్తున్నారు. నీ రాతలు చదివే అలా తయారయ్యారు.

పిచ్చుక


ఆసుపత్రి పై గది

పిచ్చుకా,

ఇన్నిసార్లు ఫోన్ చేశాను, ఎత్తలేదు. ఒకసారి ఎత్తి ఊరుకున్నావు, నీ ఊపిరి వినిపించింది. అది నువ్వే కదా?

నిండు నెలల్లో నిన్ను ఆ పనికి కూర్చోబెట్టాడా ఆయన? ఎవరూ చెప్పలేదని రాశావు. చెప్పకుండా చేయించడం తెలిసినవాళ్ళు ఉంటారు. చేతులు వణుకుతున్నాయని కూర్చుంటే చేసేది నువ్వే అని ఆయనకి తెలియదా? ఇన్నాళ్ళూ నీ కాపురంలో వేలు పెట్టకూడదని నోరు మూసుకున్నాను. ఇక మూసుకోలేను. బస్‌స్టాండులో నిన్ను ఎక్కించుకోవడానికి మనిషిని పంపుతాను, బట్టలు సర్దుకుని బయలుదేరు. ఇక్కడ గది సర్దేశాను.

రావడం కుదరదంటే కనీసం ఈ మాట ఇవ్వు. బిడ్డ పుట్టగానే నాకు కబురు చెయ్యి. చెయ్యి ఎలా ఉందో రాయి. ఆయన్ని బిడ్డతో ఒంటరిగా వదలకు. ఇలా రాస్తున్నందుకు నన్ను తిట్టుకున్నా సరే.

చిన్నప్పుడు కాలవలో కొట్టుకుపోతున్న చీమల్ని ఆకు మీదకి ఎక్కించేదానివి. ‘అన్నం తిన్నాను’ అని రాసిన మనిషి నాకు తెలియదు పిచ్చుకా. నాకు భయంగా ఉంది.

అన్నయ్య


పట్నం ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చాక

అన్నయ్యకి,

మగపిల్లాడు. తేలిగ్గానే అయింది. నెత్తి నిండా జుట్టు. ముక్కు మాత్రం నీదే, పాపం వాడి కర్మ.

మాట ఇవ్వమన్నావు కాబట్టి రాస్తున్నాను. ఎడమ చేతికి ఉంది. సరిగ్గా నీకున్న చోటే, చిటికెన వేలి పక్కన. చిన్న గోరు కూడా ఉంది, బియ్యపు నూకంత. మొదలు సన్నగా ఉంది, ముట్టుకుంటే కొంచెం ఊగుతుంది. అక్కడి డాక్టరమ్మ తర్వాత చూద్దాంలే అంది. అందరూ తర్వాత అనేవాళ్ళే.

ఈయన వాణ్ణి ఎత్తుకుని ఆ వేలికి ముద్దుపెట్టారు. మా బావగారి సంతకం అన్నారు. కళ్ళల్లో నీళ్ళు కూడా తిరిగాయి.

నేను నిద్రపోవడం లేదు. వాడి చొక్కా తొడిగేటప్పుడు ఆ వేలు చేతిలో చిక్కుకుంటుంది. దుప్పటి పోగుకి తగులుకుంటుంది. ఒకసారి నా జుట్టు చుట్టుకుంది. ఒక్కొక్కసారి వాడు నిద్రలో ఉలిక్కిపడతాడు.

నిన్నొకటి అడుగుతాను. నిజం రాయి, డాక్టర్లా కాదు. నీకెలా ఉండేది? బళ్ళో నువ్వు ఎడమ చెయ్యి నిక్కరు జేబులో పెట్టుకుని తిరిగేవాడివి. ఎండాకాలంలో కూడా. గ్రూపు ఫోటోలో అందరూ చేతులు కట్టుకుంటే నువ్వొక్కడివీ వెనక పెట్టుకున్నావు. నీ క్లాసువాళ్ళు నిన్ను ‘ఒకటెక్కువ’ అని పిలిచేవాళ్ళు. నువ్వు నవ్వేవాడివి. ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకునేవాడివి. నేను పక్క మంచం మీదే ఉండేదాన్ని, నాకు తెలియదనుకోకు.

వాడు కూడా అలా పడుకుంటాడా? త్వరగా రాయి. ఈ వారంలోనే రాయి.

పిచ్చుక


ఆసుపత్రి పై గది,
కొరియర్‌లో పంపుతున్నాను

పిచ్చుకా,

విచారణకని రాజధానికి వెళ్ళి ఇప్పుడే వచ్చాను. నీ ఉత్తరం తలుపు కింద పడి ఉంది, ఎన్నాళ్ళ నుంచి ఉందో. మీ ఇంటికి ఫోన్ చేస్తుంటే మోగుతోంది, ఎవరూ ఎత్తడం లేదు. రాజధానిలో కూర్చుని ముక్కూ మొహం తెలియని కుక్కల గురించి గంటలు గంటలు మాట్లాడాను. నీ ఉత్తరం ఇక్కడ పడి ఉంది.

నిజం రాస్తున్నాను. సిగ్గుపడ్డాను. పెద్దయ్యేదాకా పడ్డాను. కానీ అది వేలు పెట్టిన బాధ కాదు, మనుషులు పెట్టిన బాధ. వాళ్ళు మానేశాక అదీ పోయింది. ఇప్పుడు కుట్లు వేసేటప్పుడు దారం కొసని ఆ వేలితోనే నొక్కి పెడతాను. అది లేకపోతే నాకు పని సాగదు. వాడు గోడవైపు తిరిగి పడుకుంటే ఇవతలి వైపు తిప్పుకోవడానికి నేనున్నాను, నువ్వున్నావు. ఆ రోజుల్లో నాకు ఎవరూ లేరనుకున్నాను. పక్క మంచం మీద నువ్వు మేలుకుని ఉన్నావని నాకు ఇవాళే తెలిసింది.

ఇక జాగ్రత్తగా చదువు. మొదలు సన్నగా ఉందని, ఊగుతోందని చర్మమే అనుకోవద్దు. నాదీ అలాగే ఉండేది. ఎక్స్‌రే తీయిస్తే లోపల ఎముక ఉంది. అంతకంటే ముఖ్యం, చిటికెన వేలిని కదిపే కండరం వెళ్ళి ఈ ఆరో వేలికే అతుక్కుని ఉంది. రెండిటికీ అదొక్కటే. తీసేయాలంటే బిడ్డకి ఏడాది నిండాక, చేతుల ఆపరేషన్లు చేసే డాక్టరు ఆ కండరాన్ని విడదీసి చిటికెన వేలికి కుట్టాకే తీయాలి. ఊరికే తెంపితే పక్క వేలు కూడా పనికిరాకుండా పోతుంది. ఈ మాట బావగారికి చదివి వినిపించు. దారం కట్టడం, ఉంగరం వేయడం, ఏదీ వద్దు.

విచారణలో చివరి రోజు ఇంకొకటి మిగిలింది. అది కాగానే నేరుగా నీ దగ్గరికే వస్తాను. అందాకా బావగారిని ఆ బిడ్డ చేతికి దూరంగా ఉంచు.

అన్నయ్య


కెన్నెల్ ఇల్లు

అన్నయ్యకి,

నీ ఉత్తరం నిన్న వచ్చింది. అప్పటికే అయిపోయింది.

ఈయన చెయ్యలేదు. ఇన్నాళ్ళూ నువ్వు తప్పు మనిషిని అనుమానించావు. నేను చేశాను. నీ జవాబు కోసం చూశాను. రాలేదంటే, రాయడానికి నీకు మనసొప్పలేదనుకున్నాను. అంత బాధ పడ్డాడు కాబట్టే రాయలేకపోతున్నాడు అనుకున్నాను. ఇప్పుడైతే వాడికి గుర్తుండదు, ఒక్క ఏడుపుతో పోతుంది అనుకున్నాను.

రబ్బరు ఉంగరం మరీ మొరటుగా ఉంటుందని పట్టుదారం తీసుకున్నాను, మందునీళ్ళలో నానబెట్టి. అంత శ్రద్ధగా చేశాను అన్నయ్యా. మొదటి ముడి వేస్తుంటే ఈయన వచ్చి నా మణికట్టు పట్టుకున్నారు. ‘వద్దే, వాడు కుక్కపిల్ల కాదు’ అన్నారు. ‘కాదు కాబట్టే’ అన్నాను. ఆయన చేతిలో బలం లేదు, విదిలించుకుని రెండో ముడి వేశాను.

ఏడ్చాడు. పాలిచ్చాను. తాగాడు. నొప్పి పెట్టిన పిల్ల తల్లి దగ్గరికి కాక ఇంకెక్కడికి పోతుందని నువ్వు రాసింది అప్పుడు గుర్తొచ్చింది. ఆ క్షణానే దారం తెంపేసి ఉండాల్సింది. తెంపలేదు. వాడు తాగుతూనే ఉన్నాడు, నేను చూస్తూనే ఉన్నాను.

మామూలుగా ఎండిపోవాలి. ఎండలేదు. నల్లబడి, చుట్టూ వాచి, అరచెయ్యి ఎర్రబడింది. ఒళ్ళు కాలిపోయింది. నన్ను అడక్కుండానే ఈయన వాణ్ణి ఎత్తుకుని చెప్పులు కూడా వేసుకోకుండా పట్నం పరిగెత్తారు. అక్కడ మిగిలిన ఎముక ముక్క తీసేశారు, సూదులేశారు. గండం గడిచిందన్నారు. డాక్టరమ్మ ఎవరు కట్టారీ దారం అని అడిగితే ఈయన తనే కట్టానని చెప్పి ఆ తిట్లన్నీ తిన్నారు. నేను పక్కనే నిలబడి విన్నాను.

నీ ఉత్తరంలో ఆ కండరం గురించి రాసింది రెండుసార్లు చదివాను. మూడోసారి చదవలేకపోయాను.

నువ్వు వస్తే నా మొహం ఎలా చూపించాలో తెలియక, రావద్దని రాద్దామని కూర్చున్నాను. కానీ రా. పాలు తాగేటప్పుడు వాడు నా వేలు పట్టుకుంటాడు. మిగతా వేళ్ళన్నీ ముడుస్తాడు, ఎడమ చేతి చిటికెన వేలు మాత్రం పక్కకి నిలబడే ఉంటుంది. మెల్లగా ముడిచి పెడతాను, వదలగానే మళ్ళీ బయటికి వచ్చేస్తుంది. ఇప్పుడు చొక్కా చేతిలో అదే చిక్కుకుంటోంది. దుప్పటికీ అదే తగులుకుంటోంది. తగులుకున్నప్పుడల్లా నా మనసు ఎటు పోతోందో నీకు రాయలేను.

ఈ ఉదయం కత్తెర, దారం, ఉంగరాల డబ్బా అన్నీ ఈయనకి ఇచ్చేశాను. దాచెయ్యండి, ఎక్కడ దాచారో నేను ఏడ్చి అడిగినా చెప్పొద్దు అన్నాను. విచారణ ఇంకెవరైనా చూసుకుంటారు. నువ్వు త్వరగా రా.

పిచ్చుక